ఎకరం ఎండ బరువు

వెలుతురుతో వస్తువును తోయవచ్చు, పట్టి నిలపవచ్చు, దాని వణుకు మాన్పి చల్లబరచవచ్చు. ఈ శాస్త్రానికి కావలసిన గణితంలో కొంత మన హైదరాబాద్ పడమటి బండల నడుమే తయారైంది. ముడిమ్యాల పొలాల నుంచి గచ్చిబౌలి, గోపన్‌పల్లి దాకా ఆ దారి వెంట ఈ వారం ప్రత్యేక కథనం.

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం ముడిమ్యాలలో పొద్దెక్కిందంటే ఎండ సూటిగా చేల మీద పడుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లంటే నగరానికి కూరగాయలూ పూలూ పంపే ఊళ్లు. ఎండ వేడినిస్తుందనీ, వెలుతురునిస్తుందనీ, పంటను పండిస్తుందనీ ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఎండకు అంతగా ఎవరూ పట్టించుకోని గుణం ఇంకొకటి ఉంది. అది తగిలిన ప్రతిదాన్నీ తోస్తుంది. ఆ తోపు ఎంతో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఎకరం పొలం, ఒక చిన్న భాగహారం చాలు.

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. దాన్ని కాంతి వేగంతో, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లతో భాగిస్తే ఎండ పెట్టే ఒత్తిడి వస్తుంది. ఎకరమంటే 4047 చదరపు మీటర్లు. అంత నేల మీదా పడిన ఎండను మట్టీ ఆకులూ పూర్తిగా పీల్చుకున్నాయనుకుంటే, మొత్తం తోపు సుమారు 1.4 గ్రాముల బరువుతో సమానం. గుంటకు లెక్కేస్తే 35 మిల్లీగ్రాములు. పొలమంతా అద్దాలు పరిచి ఎండను తిప్పి పంపితే తోపు రెట్టింపై, ఎకరానికి 2.8 గ్రాములవుతుంది. నాగలి కదిలించే రైతుకు ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ ఇంత సన్నని తోపుతోనే నేటి భౌతిక శాస్త్రవేత్తలు కంటికి ఆనని గాజుపూసలను గాలిలో నిలబెడుతున్నారు. అల్యూమినియం డోలు చర్మం వణుకును దాదాపు పూర్తిగా మాన్పుతున్నారు. 40 కిలోల అద్దాల కదలికను అణువుకన్నా ఎన్నో రెట్లు చిన్న కొలతల్లో అదుపు చేస్తున్నారు. ఈ విద్య పేరు ఆప్టోమెకానిక్స్. దీని కథలో మనవాళ్ల పేర్లు, మన ఊళ్ల చిరునామాలు ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్లే దారి బీజాపూర్ రోడ్డు మీదుగా సాగుతుంది.

మర్రినీడల రహదారి

చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా నగరం వైపు వచ్చే ఈ రహదారి మర్రిచెట్లకు పేరుపొందింది. పోలీస్ అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల మేర సుమారు 900 మర్రిమానులు ఉన్నట్టు లెక్కతేలింది. రోడ్డు విస్తరణలో అవి నేలకూలకుండా కాపాడాలని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. మిట్ట మధ్యాహ్నం ఏదైనా ఒక మాను కింద ఆగి నేలను చూడండి. ఆకుల సందుల్లోంచి జారిన వెలుతురు చుక్కలు గుండ్రంగా ఉంటాయి. సందులు ఏ ఆకారంలో ఉన్నా చుక్కలు మాత్రం గుండ్రమే. ఎందుకంటే అవి సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. పాక్షిక సూర్యగ్రహణం నాడు చూస్తే ఆ చుక్కలన్నీ నెలవంకలై కనిపిస్తాయి. వెలుతురు తిన్నగా నడుస్తుందని చెప్పడానికి ఇంతకన్నా అందమైన రుజువు లేదు. కానీ ఆ చుక్కలు నేలను తోస్తున్నాయని కంటితో చూసి చెప్పలేం. అది తెలియడానికి మనిషికి వందల ఏళ్లు పట్టింది.

మొదటి అనుమానం తోకచుక్కల వల్ల వచ్చింది. తోకచుక్క ఎటు ప్రయాణిస్తున్నా దాని తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉంటుంది. సూర్యకాంతే ఆ తోకను తోస్తోందని 17వ శతాబ్దంలోనే యోహానెస్ కెప్లర్ ఊహించాడు. ధూళి తోక విషయంలో ఆ ఊహ నిజమేనని తర్వాత తేలింది. 1873లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సిద్ధాంతంతో కాంతి ఒత్తిడికి లెక్క కట్టాడు. ఆ లెక్కను ప్రయోగంలో చూపడం మాత్రం మహా కష్టమైంది. సన్నని రెక్కను గాజు బుడ్డిలో వేలాడదీసి దీపం వేస్తే, రెక్క వేడెక్కి, బుడ్డిలో మిగిలిన కాస్త గాలీ దాన్ని కాంతికన్నా గట్టిగా తోసేది. మాస్కోలో ప్యోత్ర్ లెబెదెవ్ గాలిని సాధ్యమైనంత తోడేసి, రెక్కలను అతి పలుచగా చేసి, 1901లో కాంతి తోపును కొలిచి చూపాడు. అదే కాలంలో అమెరికాలో నికోల్స్, హల్ కూడా మరింత కచ్చితంగా కొలిచారు. వెలుతురుకు బరువు లేకపోయినా ఊపు ఉందని అలా రుజువైంది.

ఆగిరిపల్లి కుర్రవాడు, కాంతి కణం

కాంతికి ముందుకు తోసే ఊపే కాదు, తిప్పే గుణం కూడా ఉందని తేల్చడంలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. ఆయన సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి, వాయువుల్లోంచి చెదిరి వచ్చే కాంతిని పరిశీలించి, ఫోటాన్‌కు స్వభ్రమణం ఉందనడానికి ప్రయోగపూర్వకమైన రుజువు ప్రకటించారు. ఆ గుణం ఒక వస్తువును నిజంగా తిప్పగలదని 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ కొలిచి చూపాడు. సన్నని దారానికి వేలాడే బిళ్లగుండా మెలితిరిగిన కాంతిని పంపితే బిళ్ల తిరిగింది.

భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే రోజుల్లో రామన్ ఫలితం మీద రాసిన గ్రంథం 1940లో వాల్తేరు నుంచి వెలువడింది. ఆ తర్వాత ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఇక్కడ ఆయనను తలుచుకోవడానికి ఒక బలమైన కారణం ఉంది. రామన్ ఫలితంలో కాంతి ఒక అణువును తాకి చెదిరేటప్పుడు రెండు రకాలుగా జరగవచ్చు. వచ్చిన ఫోటాన్ తన శక్తిలో కొంత ఆ అణువుకు ఇచ్చి, దాన్ని ఊగించి, కాస్త ఎరుపెక్కి వెళ్లిపోవచ్చు. లేదా అప్పటికే ఊగుతున్న అణువు నుంచి ఆ ఊగిసలాట శక్తిని తీసుకుని, కాస్త నీలమెక్కి వెళ్లిపోవచ్చు. రెండో రకం చెదరడం జరిగిన ప్రతిసారీ ఆ అణువు ఊగడం కొంత తగ్గుతుంది. నేడు వెలుతురుతో అద్దాలను, డోళ్లను చల్లబరిచే విద్య మొత్తం ఈ రెండో రకాన్ని పెంచి, మొదటి రకాన్ని అణచడం మీదే నిలబడి ఉంది. రామన్, భగవంతం తరం అణువుల్లో చూసినదాన్ని ఈ తరం చేతితో పట్టుకోగల వస్తువుల్లో చేసి చూపిస్తోంది.

బండల నడుమ క్వాంటం లెక్కలు

పోలీస్ అకాడమీ కూడలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నార్సింగి, కోకాపేట దాటి గచ్చిబౌలిలో దిగితే హైదరాబాద్ విశ్వవిద్యాలయం వస్తుంది. ఆరు సూత్రాల పథకం ఫలంగా పార్లమెంటు చట్టంతో 1974లో పుట్టిన సెంట్రల్ యూనివర్సిటీ ఇది. తొలి అడుగులు ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో పడ్డాయి. ఆ తర్వాత ఇక్కడి 2300 ఎకరాల బండనేలకు తరలింది. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలు, వాటి నడుమ కుంటలు, జింకలు, నెమళ్లు, పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన పెద్ద బండ. భౌతిక శాస్త్ర విభాగానికి వెళ్లే దారి చెట్ల మధ్య నుంచి సాగుతుంది.

1977లో ఈ విభాగానికి గిరీశ్ శరణ్ అగర్వాల్ అనే యువ ఆచార్యుడు వచ్చారు. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో పుట్టి, అమెరికాలోని రాచెస్టర్‌లో ఎమిల్ వుల్ఫ్ దగ్గర డాక్టరేట్ చేసినవారు. 1995 దాకా ఆయన ఇక్కడే పనిచేశారు. ఆ కాలంలో హైదరాబాద్ పేరు ప్రపంచ క్వాంటం ఆప్టిక్స్ పటంలో చేరింది. 1982లో భట్నాగర్ పురస్కారం, 1988లో మాక్స్ బార్న్ పురస్కారం ఇక్కడ ఉండగానే ఆయనను వరించాయి.

ఇక్కడ పుట్టిన రెండు ఆలోచనలను దగ్గరగా చూడాలి. మొదటిది 1984 నాటిది. రెండు అద్దాల మధ్య ఖాళీ కుహరంలో ఒకే ఒక పరమాణువు ఉందనుకుందాం. కుహరంలో కాంతి ఏమీ లేదు. అయినా ఆ శూన్యంతో పరమాణువు ఎంత గాఢంగా ముడిపడుతుందంటే, కుహరం పాడే ఒక్క స్వరం రెండుగా చీలిపోతుంది. పరమాణువు విడిచిన ఒక్క ఫోటాన్ అద్దాల మధ్య చిక్కి, తిరిగి పరమాణువులోకి పోయి, మళ్లీ బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోతూ ఉంటుంది. ఈ చీలికను అగర్వాల్ లెక్క ముందే చెప్పింది. 1992లో అమెరికాలో దాన్ని ప్రయోగంలో చూశారు. పరమాణువు స్థానంలో ఊగే అద్దాన్ని పెట్టినా కుహర స్వరం ఇలాగే చీలుతుందని 2009లో వియన్నాలో కనుగొన్నారు. పద్ధతి ఒకటే, పాత్రధారి మారాడు.

రెండోది 1991 నాటిది. అగర్వాల్, ఆయనతో పనిచేసిన కె. తార కలిసి రాసిన పత్రం. లేజర్ కాంతికి సరిగ్గా ఒక్క ఫోటాన్‌ను కలిపితే ఎలాంటి కాంతి పుడుతుందన్నది వారి ప్రశ్న. సాధారణ కాంతికీ, పూర్తిగా క్వాంటం లోకపు కాంతికీ నడుమ వంతెనగా నిలిచే ఒక స్థితి అలా కాగితం మీద పుట్టింది. నేడు శాస్త్ర సాహిత్యంలో దాన్ని అగర్వాల్-తార స్థితులని కూడా పిలుస్తారు. 2004లో ఇటలీలోని ఫ్లారెన్స్ శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో సృష్టించి చూపారు. గచ్చిబౌలిలో కలంతో రాసినది పదమూడేళ్లకు ఫ్లారెన్స్‌లో వెలుగు చూసింది.

ఆ తర్వాత అగర్వాల్ అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి డైరెక్టర్‌గా వెళ్లారు, అక్కడి నుంచి అమెరికా చేరారు. ఓక్లహామాలో సుమేయ్ హువాంగ్‌తో కలిసి ఆయన చేసిన పని నేరుగా మన విషయంలోకి వస్తుంది. సూక్ష్మమైన అద్దాన్ని కాంతితో మరింత బాగా చల్లబరిచే ఉపాయాన్ని 2009లో ప్రతిపాదించారు. 2010లో ఇంకా ఆశ్చర్యకరమైన మాట చెప్పారు. ఒక కుహరం ఒకానొక రంగు కాంతిని లోపలికి పీల్చేసుకుంటోంది. దాని మీదికి రెండో లేజర్‌ను సరైన లెక్కతో పంపితే, కుహరంలోని అద్దం ఒక పద్ధతిలో ఊగి, అంతదాకా పీల్చుకున్న మొదటి కాంతికే దారి వదులుతుంది. అంటే వస్తువు కదలిక మీదుగా ఒక వెలుగు మరో వెలుగును అదుపు చేస్తుంది. ఆ ఏడాదే ఐరోపాలో తోబియాస్ కిప్పెన్‌బెర్గ్ బృందం దాన్ని ప్రయోగంలో చూపింది. అదే ఉపాయంతో కాంతిని నెమ్మదింపజేయవచ్చు, కొద్దిసేపు వస్తువు వణుకుగా దాచిపెట్టి మళ్లీ కాంతిగా విడుదల చేయవచ్చు.

చల్లబరచడం అంటే ఏమిటి?

వెలుతురు పడితే వస్తువు వేడెక్కుతుంది కదా, చల్లబడటమేమిటి అన్న సందేహం సహజం. జవాబు వేడి అనే మాటలోనే ఉంది. వస్తువులోని అణువులన్నీ ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకు ఎంత ఎక్కువైతే అంత వేడి. కాబట్టి వణుకు తగ్గించగలిగితే చల్లబరిచినట్టే. ఊగుతున్న ఉయ్యాల మన వైపు వచ్చే ప్రతిసారీ చెయ్యి అడ్డంపెట్టి కాస్త వెనక్కి తోస్తే ఎలా నిదానిస్తుందో, ఊగే అద్దం కాంతికి ఎదురొచ్చే ప్రతిసారీ కాంతి కాస్త ఎక్కువ తోస్తే అద్దమూ అలాగే నిదానిస్తుంది. చేతిని కదపడానికి ఎవరూ అక్కర్లేదు. లేజర్ రంగును కుహరానికి నచ్చే రంగుకన్నా కొంచెం ఎర్రగా ఎంచుకుంటే చాలు. అద్దం ఒక వైపు కదిలినప్పుడు కుహరంలో కాంతి పెరుగుతుంది, మరో వైపు కదిలినప్పుడు తగ్గుతుంది. కాంతి నిండటానికీ ఖాళీ కావడానికీ పట్టే ఆ రవ్వంత ఆలస్యం వల్ల తోపు ఎప్పుడూ అద్దం కదలికకు ఎదురుగానే పడుతుంది.

మరో సందేహం. చల్లబరిచేది తానే చల్లగా ఉండాలి కదా, గదిలో వెలిగే లేజర్ చల్లగా ఎలా ఉంటుంది? కంటికి కనిపించే ఎర్రని కాంతిలో ఒక్కో ఫోటాన్ శక్తి, గది వేడి ఇవ్వగల సగటు శక్తికి దాదాపు 80 రెట్లు. అందుకే గది వేడి ఆ కాంతిని కదిలించలేదు. గది ఎంత వేడిగా ఉన్నా లేజర్ కాంతి తన క్రమంలో తాను నడుస్తుంది. ఆ క్రమం వస్తువు వణుకును మోసుకుపోతుంది. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా అందంగా తోచేది ఈ ఒక్క విషయమే.

ఈ ఉపాయం మొదట పరమాణువుల మీద ఫలించింది. 1975లో హెన్ష్, షాలో వాయువుకూ, వైన్‌లాండ్, డెమెల్ట్ అయాన్లకూ వేర్వేరుగా దీన్ని సూచించారు. స్టీవెన్ చు, కోహెన్-తనూజీ, విలియం ఫిలిప్స్ 1997లో దీనికే నోబెల్ అందుకున్నారు. పెద్ద వస్తువుల సంగతి మాస్కోలో వ్లాదిమిర్ బ్రాగిన్‌స్కీ 1960లలోనే ఎత్తాడు. కాంతి ఒత్తిడి ఊగే వస్తువును అదుపు చేయగలదని అతను చూపిస్తే, 1999లో పారిస్‌లో ఒక అద్దం వణుకును లేజర్‌తో తొలిసారి తగ్గించగలిగారు.

డోలు చర్మం నుంచి 40 కిలోల దాకా

2011 ఈ కథలో పెద్ద మలుపు. అమెరికాలోని బౌల్డర్‌లో 15 మైక్రాన్ల వెడల్పు, ఒక మైక్రాన్‌లో పదో వంతు మందం ఉన్న అల్యూమినియం డోలును తీసుకున్నారు. అది సెకనుకు కోటిసార్లు కొట్టుకుంటుంది. దాన్ని మైక్రోవేవ్ తరంగాలతో చల్లబరిచి, క్వాంటం శాస్త్రం అనుమతించే అట్టడుగు స్థితికి చేర్చారు. అదే ఏడాది కాల్‌టెక్‌లో సెకనుకు 370 కోట్లసార్లు కంపించే సిలికాన్ దూలాన్ని లేజర్ కాంతితో ఆ స్థితికి తెచ్చారు. అట్టడుగు స్థితిలోనూ కదలిక పూర్తిగా ఆగదు. శూన్యంలోనూ మిగిలే ఆ చివరి వణుకును ప్రకృతి ఎవరికీ తుడవనివ్వదు.

2020లో వియన్నాలో మార్కస్ ఆస్పెల్మేయర్ బృందం 143 నానోమీటర్ల గాజుపూసను లేజర్‌తో శూన్యంలోనే తేల్చి నిలిపింది. ఏ దారానికీ వేలాడకుండా, దేనికీ ఆనకుండా ఉన్న ఆ పూసలో సుమారు 10 కోట్ల పరమాణువులు. చుట్టూ గది వేడే. అయినా పూస ఊగే కదలికను ఒక డిగ్రీలో లక్షోవంతు చొప్పున లెక్కించే చల్లదనానికి దించారు.

2021లో గురుత్వ తరంగాలను వినే లైగో అద్దాల వంతు వచ్చింది. ఒక్కో అద్దం 34 సెంటీమీటర్ల వెడల్పు, 40 కిలోల బరువు. నాలుగు అంచెల లోలకానికి సన్నని గాజు పోగులతో వేలాడుతుంది. 4 కిలోమీటర్ల పొడవైన రెండు చేతుల చివర్లలో ఉన్న ఈ అద్దాల కదలికలను కాంతితో కొలిచి, ఆ కొలత ప్రకారం అద్దాలకు ఎదురు తోపులిచ్చారు. నాలుగు అద్దాల ఉమ్మడి కదలిక 10 కిలోల ఒకే లోలకంతో సమానం. దాని ఊగులాట 77 నానోకెల్విన్లకు దిగింది. ఒక డిగ్రీని వంద కోట్ల భాగాలు చేస్తే అందులో 77 భాగాలు. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. ఆ అద్దాన్ని ముట్టుకుంటే చేతికి గది వేడే తగులుతుంది. చల్లబడింది అద్దం మొత్తం కాదు, దాని ఊగే ఒక్క కదలికే.

ఇలాంటి కేంద్రం మన పొరుగునే రాబోతోంది. మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔంఢాలో లైగో-ఇండియా నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2600 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. నాగనాథ జ్యోతిర్లింగానికి మొక్కుకునే మన యాత్రికులకు ఆ ఊరు కొత్త కాదు. 1956 దాకా ఆ ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే.

గోపన్‌పల్లిలో వెలుతురు పట్టకారు

హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఆనుకునే గోపన్‌పల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ హైదరాబాద్ ప్రాంగణం ఉంది. 1945లో హోమీ భాభా స్థాపించిన మాతృసంస్థ ముంబయిలో ఉంది. ఇక్కడి శాఖకు 2010లో ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. మొదట నార్సింగిలోని తాత్కాలిక భవనాల్లో నడిచి, 2017లో గోపన్‌పల్లికి మారింది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలవారు ఒకే కప్పు కింద కూర్చుని పనిచేయాలన్నది ఈ సంస్థ సంకల్పం. ఆచార్య ఎం. కృష్ణమూర్తి బృందం ఇక్కడ అతి తీవ్రమైన, అతి పొట్టి లేజర్ స్పందాలతో పదార్థాన్ని ప్లాస్మాగా మార్చి పరిశీలిస్తుంది. ఒకే వెలుతురు ఒకచోట పదార్థాన్ని నక్షత్రాల వేడికి చేరుస్తుంటే, మరోచోట వస్తువు కదలికను అంతరిక్షంకన్నా చల్లగా మారుస్తోంది. పక్కనే విశ్వవిద్యాలయంలో ఆచార్య నిర్మల్ విశ్వనాథన్ బృందం మెలికలు తిరిగిన కాంతి పుంజాల మీద ఏళ్లుగా పనిచేస్తోంది.

లేజర్ ప్రయోగశాలలో ముందుగా కంటపడేది బల్ల. మనిషి పొడవును మించిన ఉక్కు బల్ల, దాని మీద అంగుళానికొకటి చొప్పున వరుసగా మర బెజ్జాలు. కాళ్లలో గాలి నింపి ఉంటుంది. దారిన పోయే లారీ వణుకు, పక్క గదిలో తలుపు చప్పుడు బల్ల మీది అద్దాలకు చేరకుండా ఆ గాలే ఆపుతుంది. వెలుతురు పట్టకారు ఇలాంటి బల్ల మీదే తయారవుతుంది. సూక్ష్మదర్శిని కింద నీటిచుక్క, అందులో ఒక మైక్రాన్ ప్లాస్టిక్ పూస. తెర మీద ఆ పూస క్షణం కుదురుగా ఉండదు. నీటి అణువులు అన్ని దిక్కుల నుంచీ పొడుస్తుంటే అటూ ఇటూ గిలగిల్లాడుతూ తిరుగుతుంది. కంటికి కనిపించని పరారుణ లేజర్‌ను కటకంతో ఒక బిందువు దగ్గర కేంద్రీకరించి పూస దగ్గరికి తెస్తారు. చటుక్కున పూస ఆ బిందువులోకి వచ్చి పడుతుంది. వణుకుతుంది గానీ కదిలిపోదు. నీటిచుక్క ఉన్న పలకను నెమ్మదిగా జరిపితే నీళ్లు పక్కకు పోతాయి, పూస మాత్రం వెలుతురును వదలదు. ఆ పట్టు బలం న్యూటన్‌లో లక్ష కోట్ల వంతుల లెక్కలో ఉంటుంది. దీన్ని 1986లో చేసి చూపిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో 96 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది.

ఆ పట్టకారు నేడు జీవశాస్త్రానికి చేతి పనిముట్టు. మన కణాల్లో బరువులు మోసే మోటారు ప్రొటీన్లు అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున నడుస్తాయి. ఎంత బలంతో లాగుతాయో పూసను కట్టి కొలుస్తారు. ముంబయిలోని టాటా సంస్థలో రూప్ మల్లిక్ బృందం ఇలాంటి మోటార్లు జట్టుగా ఎలా లాగుతాయో ఈ పట్టకారుతోనే తేల్చింది. ఆప్టోమెకానిక్స్ నుంచి రాబోయే ఫలాలు ఇంకా ఉన్నాయి. క్వాంటం కంప్యూటర్ల మైక్రోవేవ్ సంకేతాలను ఆప్టికల్ ఫైబర్‌లో వెళ్లే కాంతిగా మార్చడానికి ఊగే సూక్ష్మ దూలాలనే నడిమి మనుషులుగా వాడాలని చూస్తున్నారు. అతి స్వల్ప బలాలను, త్వరణాలను పసిగట్టే సెన్సర్లు దీంట్లోంచే వస్తున్నాయి.

వెళ్లాలనుకుంటే

ముడిమ్యాల, చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి వచ్చేవారు బీజాపూర్ రోడ్డులో పోలీస్ అకాడమీ కూడలి దాకా వచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి చేరవచ్చు. బస్సులో అయితే మెహదీపట్నం చేరి, అక్కడి నుంచి లింగంపల్లి వైపు సిటీ బస్సు ఎక్కితే విశ్వవిద్యాలయం గేటు ముందే దిగవచ్చు. రైలులో వచ్చేవారికి దగ్గరి స్టేషన్ లింగంపల్లి. ఈ ప్రాంగణాలు రెండూ చదువుకు, పరిశోధనకు ఉద్దేశించినవి. ప్రయోగశాలలు చూడాలంటే ముందుగా ఆయా విభాగాలకు రాసి అనుమతి తీసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. లేజర్లున్న గదిలో అక్కడివారు చెప్పినచోటే నిలబడాలి, వారిచ్చిన కళ్లజోడు పెట్టుకోవాలి.

రామన్ ఫలితం పేరు మీదే జాతీయ సైన్స్ దినోత్సవం ఏటా ఫిబ్రవరి 28న వస్తుంది. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈసారి ఆ రోజును ఉపన్యాసంతో, వ్యాసరచన పోటీతో ముగించకండి. జనవరిలోనే ఈ సంస్థలకు ఉత్తరం రాయండి. తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఒక బస్సులో ఎక్కించండి. పుస్తకంలో కాంతి పాఠం చదివిన పిల్లలు, వెలుతురు ఒక పూసను పట్టుకుని ఆపడం తమ కళ్లతో చూడాలి. ఆగిరిపల్లిలో పుట్టిన పిల్లవాడు రామన్ పక్కన నిలబడి కాంతి గుణాన్ని తేల్చాడు. గచ్చిబౌలిలో రాసిన లెక్కను ఫ్లారెన్స్‌లో రుజువు చేశారు. తర్వాతి పేరు ముడిమ్యాల బడి నుంచి ఎందుకు రాకూడదు? దారి గంట ప్రయాణమే. తీసుకెళ్లేవారే కావాలి.